ముఖం మనిషి ఇష్టం – ఊపిరి కుక్క కష్టం
(కుటుంబంలో బుల్‌డాగ్ పెంపకంపై ఒక పాఠం)



టామ్ అండ్ జెర్రీ కార్టూన్ చూసినవారికి స్పైక్ అనే కుక్కను ప్రత్యేకంగా పరిచయం చేయనక్కర లేదు. వెడల్పాటి ఛాతీ, వంకర కాళ్ళు, ముడతలు పడిన ముఖం, బయటికి పొడుచుకొచ్చిన కింది దవడ, మెడకు మేకుల పట్టీ. అదే బుల్‌డాగ్. టీషర్టుల మీద, జిమ్ముల గోడల మీద దాని బొమ్మను మనం చాలాసార్లు చూసి ఉంటాం. బతికున్న బుల్‌డాగ్‌ను దగ్గరగా చూసినవారు మాత్రం మనలో తక్కువే. హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్నం వంటి నగరాల్లో కొన్ని కుటుంబాలు ఇప్పుడు దీనిని ముచ్చటపడి పెంచుకుంటున్నాయి.

హాస్టల్ వార్షికోత్సవ సంచికలో కుక్క గురించి పాఠం ఎందుకని కొందరికి సందేహం రావచ్చు. జంతుశాస్త్రంలో మనం చదువుకునే ‘కృత్రిమ వరణం’ అనే పాఠానికి బుల్‌డాగ్‌ను మించిన ఉదాహరణ దొరకడం కష్టం. అంతేకాదు, ఇక్కడ చదివి ఉద్యోగాల్లో స్థిరపడిన మన పూర్వ విద్యార్థుల ఇళ్ళలో పిల్లలు ‘కుక్కపిల్ల కావాలి’ అని అడిగే కాలం వచ్చింది. పశుసంవర్ధక శాఖలో, పశువైద్యంలో స్థిరపడాలనుకునే తమ్ముళ్ళు, చెల్లెళ్ళు కూడా మనలో ఉన్నారు. వారందరికీ ఉపయోగపడాలన్నదే మా ప్రయత్నం.

పుట్టుపూర్వోత్తరాలు

‘బుల్’ అంటే ఆబోతు. ఇంగ్లండులో మధ్యయుగాల నుంచి ‘బుల్ బెయిటింగ్’ అనే క్రూరమైన వినోదం ఉండేది. ఆబోతును తాడుతో గుంజకు కట్టేసి దాని మీదికి కుక్కలను ఉసిగొల్పేవారు. నేలకు కరుచుకుని పాకుతూ వెళ్ళి ఆబోతు ముక్కును పట్టుకుని వదలకుండా ఉన్న కుక్క గెలిచినట్టు. దాని మీద జనం పందేలు కాసేవారు. వధకు ముందు ఆబోతును ఇలా హింసిస్తే మాంసం మెత్తబడుతుందనే నమ్మకం కూడా ఆనాటి ప్రజల్లో ఉండేది. ఈ పనికోసం తయారైన కుక్కకే బుల్‌డాగ్ అని పేరు వచ్చింది.

1835లో బ్రిటిష్ పార్లమెంటు జంతు హింస నిరోధానికి ఒక చట్టం చేసింది. ఆబోతు పందేలతో పాటు ఎలుగుబంటి పందేలను, కోడి పందేలను కూడా ఆ చట్టం నిషేధించింది. దాంతో బుల్‌డాగ్‌కు పని పోయింది. పని లేని కుక్క అంతరించిపోవలసిందే. కానీ అంతలోనే ఇంగ్లండులో కుక్కల ప్రదర్శనల కాలం మొదలైంది. 1859లో న్యూకాజిల్ పట్టణంలో తొలి ప్రదర్శన జరిగింది. 1873లో లండన్‌లో కెన్నెల్ క్లబ్, 1875లో బుల్‌డాగ్ క్లబ్ ఏర్పడ్డాయి. ఏ కుక్క ఎలా ఉంటే ‘అసలైన’ బుల్‌డాగ్ అవుతుందో కాగితం మీద రాసుకున్నారు.

ఇక్కడే కథ మలుపు తిరిగింది. అంతకు ముందు కుక్కకు పరీక్ష పెట్టింది పని. పరుగెత్తలేనిది, ఊపిరి సలపనిది ఆబోతు ముందు నిలవలేదు. ఇప్పుడు పరీక్ష పెట్టేది న్యాయనిర్ణేత కన్ను. తల పెద్దదైతే బాగుందన్నారు, మూతి పొట్టిదైతే ఇంకా బాగుందన్నారు. బాగుందన్న కుక్కకే పిల్లలు పుట్టించారు. తరం వెంట తరం మూతి లోపలికి పోయింది.

ముక్కు వెనక్కి ఉండటం వల్ల ఆబోతును కరిచి పట్టుకున్నప్పుడు కూడా ఊపిరి ఆడేదని తరచూ చెబుతుంటారు. కానీ ఆబోతు పందేలు జరిగిన కాలపు చిత్రాలు చూస్తే ఆ కుక్కల కాళ్ళు పొడవుగా, ఒళ్ళు తేలికగా, మూతి ఇప్పటికంటే స్పష్టంగా పొడవుగా కనిపిస్తాయి. ఇప్పుడు మనం చూసే చదునైన ముఖం ప్రధానంగా పందేలు ఆగిపోయాక, ప్రదర్శనల కాలంలో తయారైనదే.

ఇంగ్లండు ప్రజలు పట్టుదలకు గుర్తుగా దీనిని తమ జాతీయ చిహ్నంలా చూసుకున్నారు. రెండవ ప్రపంచ యుద్ధ కాలపు ప్రధాని విన్‌స్టన్ చర్చిల్‌ను బుల్‌డాగ్‌తో పోల్చేవారు. విశేషమేమంటే ఆయన ముద్దుగా పెంచుకున్న ‘రూఫస్’ బుల్‌డాగ్ కాదు, పూడుల్ జాతి కుక్క!

ఆకారం, స్వభావం

కెన్నెల్ క్లబ్ ప్రమాణం ప్రకారం మగ బుల్‌డాగ్ సుమారు 25 కిలోలు, ఆడది 23 కిలోలు ఉండాలి. ఎత్తు భుజం దగ్గర రమారమి మన మోకాలు దాకా వస్తుంది. పొట్టి వెంట్రుకలు, బరువైన తల, వెడల్పాటి భుజాలు, సన్నటి నడుము, పొట్టి తోక దీని గుర్తులు. కింది దవడ పై దవడ కంటే ముందుకు వచ్చి ఉంటుంది.

చూపులకు కోపిష్టిలా కనిపించినా దీని స్వభావం సాధువు. 19వ శతాబ్దంలో పెంపకందారులు పోరాట గుణాన్ని క్రమంగా తగ్గిస్తూ, శాంతంగా ఉండే కుక్కలనే ఎంచుకుంటూ వచ్చారు. ఈ విషయంలో వారిని మెచ్చుకోవాలి. ఇంట్లోవారితో, పిల్లలతో బాగా కలిసిపోతుంది. అనవసరంగా మొరగదు. రోజులో ఎక్కువ భాగం పడుకునే గడుపుతుంది. ఎక్కువ పరుగులు పెట్టించనక్కర లేదు కనుక అపార్ట్‌మెంట్‌లో ఇమిడిపోతుంది. కాస్త మొండిది. ‘రా’ అంటే వెంటనే రాదు, ఆలోచించుకుని వస్తుంది. కొట్టినా, తిట్టినా నేర్చుకోదు. ఓపికగా చిన్న తిండి ముక్క చూపించి నేర్పితే నేర్చుకుంటుంది. కాపలాకు మాత్రం దీని మీద ఆధారపడలేం. ముఖం చూసి దొంగ భయపడితే సరే, పారిపోతే వెంటపడి పట్టుకునే శక్తి దీనికి లేదు.

చొంగ కారుస్తుంది, గురక పెడుతుంది. పిల్లలకు ఈ గురక నవ్వు తెప్పిస్తుంది. మన పాఠంలో అసలు విషయం ఈ గురకే.

ఊపిరి పాఠం

కుక్కకు 42 శాశ్వత దంతాలు. పొడవాటి మూతి ఉన్న వేటకుక్కకూ అన్నే, చదును ముఖం బుల్‌డాగ్‌కూ అన్నే. బుల్‌డాగ్‌లో తగ్గింది మూతి ఎముక పొడవు. లోపల ఉండే పళ్ళు, నాలుక, అంగిలి, ముక్కు లోపలి పొరలు అదే లెక్కన తగ్గలేదు. మన హాస్టల్ భాషలో చెప్పాలంటే, పెద్ద ట్రంకు పెట్టెలో పట్టే సామానంతా చిన్న పెట్టెలో కుక్కి మూత వేసినట్టు. మూత పడుతుంది గానీ లోపల గాలి ఆడే సందు ఉండదు.

గాలి ప్రయాణించే దారిలో ఇది నాలుగు చోట్ల అడ్డం పడుతుంది.

1. నాసికా రంధ్రాలు: గుండ్రంగా తెరుచుకుని ఉండవలసినవి సన్నని చీలికల్లా మారతాయి.

2. ముక్కు లోపలి మడతలు: చోటు చాలక ఒకదానికొకటి ఆనుకుని గాలిని ఆపుతాయి.

3. మృదు తాలువు (మెత్తటి అంగిలి): మందంగా, పొడవుగా వెనక్కి వేలాడి స్వరపేటిక ద్వారానికి అడ్డం వస్తుంది. గురకకు ప్రధాన కారణం ఇదే.

4. వాయునాళం: ఒంటి పరిమాణానికి తగిన వెడల్పు లేకుండా చాలా బుల్‌డాగ్‌లలో ఇరుకుగా ఉంటుంది.

ఇరుకు దారి ఎంత నష్టం చేస్తుందో భౌతికశాస్త్రం చదివిన మిత్రులకు తెలుసు. పాయిజెల్ సూత్రం ప్రకారం, ప్రవాహం సాఫీగా ఉన్నప్పుడు గొట్టం వ్యాసార్థం సగానికి తగ్గితే నిరోధం రెట్టింపు కాదు, 16 రెట్లు అవుతుంది. కాబట్టి బుల్‌డాగ్ ప్రతి శ్వాసనూ బలంగా లాగవలసి వస్తుంది. మెత్తటి స్ట్రాతో చిక్కటి జ్యూసును గట్టిగా పీలిస్తే స్ట్రా గోడలు లోపలికి అతుక్కుపోవడం మనం చూసే ఉంటాం. బలంగా లాగిన కొద్దీ గొంతులోని మెత్తటి భాగాలు కూడా అలాగే లోపలికి లాక్కుంటాయి, వాస్తాయి. దారి ఇంకా ఇరుకవుతుంది. అందుకే ఈ వ్యాధి వయసుతో పాటు ముదురుతుంది. దీనిని పొట్టి ముఖం కుక్కల శ్వాస అవరోధ వ్యాధి అంటారు. వైద్య పరిభాషలో ‘బోయాస్’ అని పిలుస్తారు. పగ్, ఫ్రెంచ్ బుల్‌డాగ్ జాతులకూ ఇదే బాధ.

బాధాకరమైన సంగతి ఏమంటే, యజమానులు దీనిని రోగంగానే గుర్తించరు. లండన్‌లోని రాయల్ వెటర్నరీ కాలేజీ వారు 2012లో ప్రచురించిన అధ్యయనంలో, ఈ వ్యాధి ఉన్న కుక్కల యజమానుల్లో సగానికి పైగా (58 శాతం) తమ కుక్కకు శ్వాస సమస్య లేదనే చెప్పారు. ‘ఈ జాతి అంతేనండీ, గురక పెడుతుంది’ అనేది వారి సమాధానం. జాతి అంతా జబ్బుతో ఉంటే జబ్బే మామూలుగా కనిపిస్తుంది. నోరు లేని జీవి కనుక అది తన బాధ చెప్పుకోలేదు.

మిగిలిన ఆరోగ్య సమస్యలు

చర్మం: ముఖం మీది ముడతల్లో, తోక కింది గుంటలో చెమ్మ చేరి ఒరుసుకుని పుండ్లు పడతాయి, దుర్వాసన వస్తుంది.

కళ్ళు: మూడో రెప్ప గ్రంథి ఎర్రటి పండులా బయటికి పొడుచుకు వస్తుంది. కంటిరెప్ప లోపలికి ముడుచుకుని వెంట్రుకలు గుడ్డును గీకుతాయి.

ఎముకలు: తుంటి కీలు సరిగా అమరకపోవడం ఈ జాతిలో చాలా ఎక్కువ. మెలి తిరిగిన తోకకు కారణమైన జన్యు మార్పును 2018లో శాస్త్రవేత్తలు గుర్తించారు. తోకతో పాటు వెన్నుపూసల ఆకారం కూడా చెడిపోవడం ఈ జాతుల్లో కనిపిస్తుంది.

కాన్పు: పిల్లల తల పెద్దది, తల్లి తుంటి ఎముకల మధ్య దారి ఇరుకు. బ్రిటన్‌లో 2010లో ప్రచురితమైన ఒక సర్వేలో బుల్‌డాగ్ కాన్పుల్లో 80 శాతానికి పైగా సిజేరియన్ ద్వారానే జరిగినట్టు తేలింది. ఒక్కసారి ఆలోచించండి. మన ఊరి వీధికుక్క గడ్డివామి చాటున ఎవరి సాయం లేకుండా ఐదారు పిల్లలను ఈనుతుంది. ఈ జాతి మాత్రం శస్త్రచికిత్స గది లేకపోతే తరం నిలబడే స్థితిలో లేదు.

అంకెల్లో చూద్దాం. 2022లో రాయల్ వెటర్నరీ కాలేజీ ప్రచురించిన మరో అధ్యయనంలో 2,662 బుల్‌డాగ్‌లను ఇతర కుక్కలతో పోల్చారు. బుల్‌డాగ్‌కు ఏదో ఒక జబ్బు ఉండే అవకాశం రెండు రెట్లకు పైగా ఎక్కువ. చర్మపు ముడతల వ్యాధి 38 రెట్లు, పైన చెప్పిన శ్వాస వ్యాధి 19 రెట్లు ఎక్కువ. అదే సంవత్సరం వెలువడిన మరో లెక్క ప్రకారం బ్రిటన్‌లో కుక్కల సగటు ఆయుర్దాయం 11.2 సంవత్సరాలు కాగా, బుల్‌డాగ్‌ది 7.4 సంవత్సరాలు. రెండో తరగతి పిల్లవాడికి కొనిచ్చిన కుక్క వాడు ఇంటర్‌కు రాకముందే వెళ్ళిపోవచ్చునన్న మాట.

మన ఎండలు

ఇంగ్లండు చలిదేశం. మనకు రెంటచింతల, రామగుండం, కొత్తగూడెం ఉన్నాయి. మే నెలలో 44, 45 డిగ్రీలు మనకు కొత్త కాదు. మనిషికి ఒళ్ళంతా చెమట పట్టి చల్లబడుతుంది. కుక్కకు పాదాల అడుగున తప్ప అలాంటి చెమట గ్రంథులు పనిచేయవు. అది నాలుక చాచి వగర్చడం ద్వారానే ఒంటి వేడి తగ్గించుకోవాలి. వగర్చాలంటే గాలి వేగంగా లోపలికీ బయటికీ ఆడాలి. బుల్‌డాగ్‌కు లేనిదే అది. వగర్చడానికి పడే శ్రమ వల్లే కండరాలు వేడెక్కి ఒళ్ళు మరింత కాలుతుంది. కుక్క మామూలు ఉష్ణోగ్రత 38 నుంచి 39 డిగ్రీల సెల్సియస్. అది 41 దాటితే వడదెబ్బ, ప్రాణాపాయం. ఈ కారణంగానే పలు విమానయాన సంస్థలు పొట్టి ముఖం కుక్కలను సామాను విభాగంలో ఎక్కించుకోవు.

వడదెబ్బ లక్షణాలు: ఆగని వగర్పు, చిక్కటి చొంగ, బాగా ఎర్రబడిన లేదా నీలిరంగు తిరిగిన నాలుక, తూలడం, వాంతులు, పడిపోవడం. అప్పుడు చేయవలసింది ఇది: వెంటనే నీడకు చేర్చి ఒళ్ళంతా చల్లటి నీళ్ళు పోస్తూ ఫ్యాను గాలి తగిలేలా చూడాలి. తడి గుడ్డ కప్పి వదిలేయకూడదు, అది వేడిని లోపలే ఉంచుతుంది. బలవంతంగా నీళ్ళు తాగించకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ముందు చల్లబరచడం, ఆ వెంటనే పశువైద్యుని దగ్గరికి తీసుకెళ్ళడం. ఈ వరస మరచిపోరాదు.

ఇప్పటికే పెంచుతున్నవారికి సూచనలు

ఇంట్లో ఉన్న కుక్కను ప్రేమగా చూసుకోవడం మన బాధ్యత. పుట్టిన కుక్క తప్పేమీ లేదు. ఈ కింది జాగ్రత్తలు పాటిస్తే దాని బతుకు చాలా తేలికవుతుంది.

1. బరువు పెరగనివ్వకండి. శ్వాస సమస్య ఉన్న కుక్కకు కొవ్వే మొదటి శత్రువు. తిండి రెండు పూటలా కొలిచి పెట్టాలి. పక్కటెముకలు చేతికి తగిలేలా ఉండాలి.

2. నడక తెల్లవారుజామున, చీకటి పడ్డాక మాత్రమే. వేసవిలో మధ్యాహ్నం బయటికి వద్దు. సిమెంటు రోడ్డు మీద మన అరచేయి ఐదు సెకన్లు ఆనించలేకపోతే దాని పాదాలూ ఆనలేవు.

3. స్పైక్‌లాంటి మెడపట్టీ అసలే వద్దు. గొంతు మీద ఒత్తిడి పడకుండా ఛాతీకి కట్టే హార్నెస్ వాడాలి.

4. ముఖం ముడతలను, తోక కింద గుంటను రోజూ మెత్తటి తడిగుడ్డతో తుడిచి పొడిగా ఆరనివ్వాలి.

5. బావులు, చెరువులు, నీటి తొట్ల దగ్గర వదలరాదు. ముందు భాగం బరువు, కాళ్ళు పొట్టి. చాలా బుల్‌డాగ్‌లు ఈదలేవు.

6. ఉల్లి, వెల్లుల్లి, చాక్లెట్, ద్రాక్ష, కిస్‌మిస్ కుక్కలకు విషం. ఉల్లిపాయ వేసిన కూర కలిపిన అన్నం పెట్టే అలవాటు మన ఇళ్ళలో ఉంది, మానుకోవాలి. ఉడికించిన కోడి ఎముకలు చీలి పేగుల్లో గుచ్చుకుంటాయి.

7. టీకాలు వేళకు వేయించాలి. మూడు నెలల వయసులో రేబిస్ టీకా, ఆ తర్వాత వైద్యుడు చెప్పిన ప్రకారం ఏటా. ఎంత పెంపుడు కుక్కయినా కరిస్తే గాయాన్ని సబ్బుతో 15 నిమిషాలు ధారగా పడే నీటి కింద కడిగి, ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్ళాలి. పసరు మందులతో కాలయాపన చేయరాదు.

8. నిద్రలో ఊపిరి ఆగి ఉలిక్కిపడి లేస్తున్నా, కూర్చుని నిద్రపోతున్నా, కొద్ది నడకకే నురగ కక్కుతున్నా అది ‘జాతి లక్షణం’ కాదు, జబ్బు. ముక్కు రంధ్రాలు వెడల్పు చేసే, అంగిలి కత్తిరించే శస్త్రచికిత్సలు ఉన్నాయి. మత్తుమందు ఇవ్వడంలో ఈ కుక్కలకు ప్రమాదం ఎక్కువ కనుక అనుభవమున్న వైద్యుని ఎంచుకోవాలి.

9. చిన్న పిల్లలను, కుక్కను ఒంటరిగా ఒకేచోట వదలరాదు. ఇది ఏ జాతికైనా వర్తిస్తుంది.

కొనాలనుకునేవారికి ఒక మాట

2003లో ఒక మొబైల్ ఫోన్ ప్రకటనలో చిన్న పిల్లవాడి వెంట నడిచిన పగ్ కుక్క దేశమంతటా ముచ్చటగొలిపింది. ఆ తర్వాత పగ్ పిల్లలకు ఎంత గిరాకీ పెరిగిందో మనలో పెద్దవారికి గుర్తుండే ఉంటుంది. గిరాకీ పెరిగితే పిల్లలు పుట్టించేవారు పెరుగుతారు. తల్లి ఆరోగ్యం, తండ్రి ఆరోగ్యం చూసే ఓపిక అక్కడ ఉండదు.

మన దేశంలో 2017లో కుక్కల పెంపకం, విక్రయంపై కేంద్ర ప్రభుత్వం నియమాలు చేసింది. వాటి ప్రకారం పెంపకందారుడు రాష్ట్ర జంతు సంక్షేమ మండలిలో నమోదై ఉండాలి. ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మరాదు. 18 నెలలు నిండని ఆడకుక్కకు పిల్లలు పుట్టించరాదు. కాబట్టి నమోదు పత్రం అడగండి. తల్లిని చూపించమనండి. తల్లి కొద్దిసేపు నడిచాక ఊపిరి చప్పుడు వినండి. బ్రిటన్‌లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం, కెన్నెల్ క్లబ్ కలిసి 2019లో ఇలాంటి పరీక్షనే ప్రవేశపెట్టాయి. మూడు నిమిషాలు కుక్కను జోరుగా నడిపించి, ముందూ తర్వాతా స్టెతస్కోపుతో విని 0 నుంచి 3 వరకు శ్రేణులు ఇస్తారు. 3వ శ్రేణి కుక్కకు పిల్లలు పుట్టించవద్దంటారు.

ఖర్చు లెక్క కూడా వేసుకోవాలి. కుక్కపిల్ల ధర మొదటి ఖర్చు మాత్రమే. వేసవిలో చల్లటి గది, కంటి శస్త్రచికిత్స, చర్మానికి మందులు, ఊపిరికి శస్త్రచికిత్స తర్వాత వస్తాయి. కొత్తగా జీతం అందుకుని ఇంటి భారం మోస్తున్నవారు ఈ లెక్క కాగితం మీద వేసుకుని మరీ నిర్ణయించుకోవడం మంచిది.

వంశశుద్ధి అనే మాట గురించి

ఇంతవరకు చెప్పిన సమస్యల్లో రెండు వేరు వేరు కారణాలు కలిసి ఉన్నాయి. పరీక్షలో ఈ తేడా రాయగలిగితే మంచి మార్కులు వస్తాయి.

మొదటిది వరణం. చదును ముఖం కావాలని కోరి ఎంచుకున్నాం, దానివల్ల ఊపిరి పోయింది. కుక్కల మూతి పొడవులో తేడాలకు ముఖ్య కారణమైన ఒక జన్యువును 2017లో శాస్త్రవేత్తలు గుర్తించారు. దాని పేరు ‘ఎస్‌మాక్ 2’. ఒక్క జన్యువులో మార్పు ముఖాన్ని ఇంతగా మార్చగలదు.

రెండవది అంతఃప్రజననం. క్లబ్ పుస్తకంలో పేరున్న కుక్కలతో తప్ప వేరే కుక్కలతో కలపరాదని తలుపులు మూశారు. బంధువుల మధ్యే సంతతి పుడుతూ వచ్చింది. తల్లి దగ్గరా తండ్రి దగ్గరా దాగి ఉన్న ఒకే అంతర్గత జన్యు దోషం పిల్లలో కలిసే అవకాశం దీనివల్ల పెరుగుతుంది. దగ్గరి మేనరికాల్లో కొన్ని వంశపారంపర్య వ్యాధుల ముప్పు ఎక్కువని మనం జీవశాస్త్రంలో చదివినది ఇదే సూత్రం. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం (డేవిస్) శాస్త్రవేత్తలు 2016లో బుల్‌డాగ్‌ల జన్యువులను పరిశీలించి, వైవిధ్యం బాగా తగ్గిపోయిందనీ, ఉన్న కుక్కల్లోంచే ఆరోగ్యమైన వాటిని ఎంచి జాతిని బాగుచేయడం కష్టమనీ తేల్చారు. బయటి రక్తం కలపడమే దారి. కానీ కలిపితే ‘శుద్ధి’ పోతుందని జాతి ప్రేమికుల్లో చాలామంది ఒప్పుకోరు.

‘శుద్ధమైన పుట్టుక’ అనే మాట వినడానికి గొప్పగా ఉంటుంది. ఆ మాట ఎంత బరువైనదో మనవంటి హాస్టళ్ళలో చదువుకున్నవారికి వేరే చెప్పాలా? మనుషులను కుక్కలతో పోల్చడం మా ఉద్దేశం ఎంతమాత్రం కాదు. అయితే కులం వంశశుద్ధిని కాపాడటానికే పుట్టిందని శాస్త్రం పేరుతో వాదించినవారు ఒకప్పుడు ఉన్నారు. 1936లో వెలువడిన ‘కుల నిర్మూలన’లో డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ ఆ వాదనను తీసుకుని ఖండించారు. శుద్ధి కోసం తలుపులు మూస్తే జంతువుల్లో ఏం జరుగుతుందో బుల్‌డాగ్ ఊపిరి చెబుతూనే ఉంది. ప్రకృతి బలం కలయికలో ఉంది, వైవిధ్యంలో ఉంది.

ఇతర దేశాల్లో మార్పులు

2008లో బి.బి.సి. ప్రసారం చేసిన ఒక డాక్యుమెంటరీ వంశశుద్ధి కుక్కల బాధలను బయటపెట్టింది. 2009లో కెన్నెల్ క్లబ్ బుల్‌డాగ్ ప్రమాణాన్ని సవరించింది. 2012లో ప్రసిద్ధమైన క్రఫ్ట్స్ ప్రదర్శనలో తన జాతిలో ఉత్తమంగా ఎంపికైన బుల్‌డాగ్, పశువైద్య పరీక్షలో నెగ్గక తర్వాతి పోటీకి వెళ్ళలేకపోయింది. అందానికి మొదటి బహుమతి, ఆరోగ్యానికి సున్నా!

నెదర్లాండ్స్‌లో 2019 నుంచి అమలులోకి వచ్చిన నిబంధనల ప్రకారం మూతి పొడవు పుర్రె పొడవులో మూడో వంతైనా లేని కుక్కలకు పిల్లలు పుట్టించరాదు. నార్వేలో 2022 జనవరిలో ఆస్లో జిల్లా న్యాయస్థానం బుల్‌డాగ్ ప్రజననం జంతు సంక్షేమ చట్టానికి విరుద్ధమని తీర్పు చెప్పింది. అదే ఏడాది నవంబరులో అప్పీలు న్యాయస్థానం బుల్‌డాగ్ విషయంలో దానిని తోసిపుచ్చింది. తీర్పు ఏదైనా, ‘కుక్కకు ఊపిరి పీల్చుకునే హక్కు ఉందా?’ అనే ప్రశ్న కోర్టు మెట్లెక్కడమే పెద్ద మార్పు.

మా అభిప్రాయం

ఇంట్లో బుల్‌డాగ్ ఉన్నవారు దానిని కంటికి రెప్పలా చూసుకోవాలి. కొత్తగా కొనదలచినవారు మాత్రం ఆగి ఆలోచించాలి. ఆ ముఖం ముద్దుగా ఉందని మనం ఇచ్చే ప్రతి రూపాయీ అలాంటి మరో ముఖాన్ని, అలాంటి మరో ఊపిరిని పుట్టించమని ఇచ్చే బయానా.

కుక్కను పెంచుకోవాలని ఉంటే మన చుట్టూనే ఉన్నాయి. కొల్లేరు ప్రాంతంలో బాతుల మందలను కాచిన జోనంగి జాగిలం మన తెలుగు నేల కుక్క. ముధోల్, రాజపాళయం పొరుగు రాష్ట్రాలవి. ఇవేవీ కాకపోయినా మన వీధిలో పుట్టిన పిల్ల ఉంది. దానికి పుస్తకంలో పేరు లేదు, తాతముత్తాతల జాబితా లేదు. ఎండకు తట్టుకుంటుంది, దొరికింది తిని అరిగించుకుంటుంది, హాయిగా ఊపిరి పీల్చుకుంటుంది. టీకాలు వేయించి, కాస్త ప్రేమ చూపిస్తే అంతకు మించిన నేస్తం లేదు.

జూనియర్ మిత్రులకు కొన్ని ప్రశ్నలు

1. ప్రకృతి వరణానికి, కృత్రిమ వరణానికి తేడా ఏమిటి? 1835కు ముందు, తర్వాత బుల్‌డాగ్‌ను ఉదాహరణగా తీసుకుని వివరించండి.

2. వాయునాళం వ్యాసార్థం నాలుగో వంతు తగ్గితే గాలికి నిరోధం సుమారు ఎన్ని రెట్లవుతుంది?

3. ఒకే అంతర్గత దోషాన్ని మోస్తున్న రెండు ఆరోగ్యమైన కుక్కలకు పుట్టే పిల్లల్లో ఆ జబ్బు వచ్చే అవకాశం ఎంత?

4. మే నెలలో కరీంనగర్ నుంచి హైదరాబాదుకు కారులో బుల్‌డాగ్‌ను తీసుకువెళ్ళవలసి వచ్చింది. ఏ వేళ బయలుదేరతారు? వెంట ఏమేమి తీసుకువెళతారు?

5. మీ ఊళ్ళో ఏదైనా పశువును, కోడిని లేదా పంటను రూపం కోసమో దిగుబడి కోసమో ఎంచుకుంటూ పోవడం వల్ల అది పోగొట్టుకున్న గుణం ఏదైనా ఉందా? మీ ఇంటి పెద్దవారిని అడిగి తెలుసుకుని, వచ్చే సంచికకు రాయండి.